ఏసీలో ఉష్ణోగ్రతా సెన్సర్ దోషం: కొలిచి కనుక్కోవడం

“ఉష్ణోగ్రత పెరిగితే అర్ధవాహకం నిరోధం తగ్గుతుంది.” ఈ వాక్యాన్ని మీరు పరీక్షల్లో ఒకటికి రెండుసార్లు రాసే ఉంటారు. మార్కులు కూడా వచ్చి ఉంటాయి. కాని ఆ వాక్యం ఇంటి గోడ మీద, ఏసీ ముందు మూత వెనుక, మిరియపు గింజంత పరిమాణంలో పని చేస్తోందని, అది తప్పు చెబితే ఒక కుటుంబం వేల రూపాయలు పోగొట్టుకోగలదని పాఠ్యపుస్తకం చెప్పదు. ఈ పాఠ్యభాగంలో ఆ గింజ గురించి, అది చెడినప్పుడు కొలతల ద్వారా దోషాన్ని ఎలా పట్టుకోవాలో తెలుసుకుందాం. మీ దగ్గర ఉండవలసినవి ఒక డిజిటల్ మల్టీమీటర్, ఒక గది థర్మామీటర్, ఒక గ్లాసెడు ఐసు ముక్కలు.

మొదట నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. పాఠం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఉద్యోగ విరమణ తరువాత నేను పాపన్నపేటలో ఉంటున్నాను. మెదక్ పట్టణానికి దగ్గరలో, మంజీర తీరాన, ఏడుపాయల వనదుర్గ గుడి ఉన్న మండలం ఇది. చుట్టూ వరి పొలాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట ఇక్కడ అతిశయోక్తిగా అనిపించదు. ఒక మే నెలలో మా పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడి పిలిచింది. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి, గుండె జబ్బుకు మందులు వాడుతోంది. వేడికి తట్టుకోలేదని కొడుకు ఏసీ పెట్టించాడు. “గాలి వస్తున్నది గని సల్లగైతలేదు తమ్మీ. గ్యాసు రెండుసార్లు పోసిండు. ఇప్పుడు బోర్డు పోయిందంటున్నడు” అన్నది. గ్యాసుకు ఒక్కోసారి మూడు వేలు అయ్యాయట. బోర్డుకు ఎనిమిది వేల అయిదు వందలు అడిగారు. ఆ డబ్బు వానాకాలం నాటుకు దాచుకున్నది.

నా మొదటి ఊహ తప్పు. సాయంత్రం పూట మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజి పడిపోతోందేమో అనుకున్నాను. కొలిస్తే 214 వోల్టులు ఉంది. ఏసీకి అది చాలు. అప్పుడు కాసేపు ఊరికే కూర్చుని యంత్రాన్ని గమనించాను. ఇలాంటి పనిలో అన్నిటికంటె ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ గమనించడాన్నే.

లోపలి యూనిట్ ఫ్యాను తిరుగుతోంది. బయటి యూనిట్ కదలడం లేదు. రిమోట్‌లో 24 డిగ్రీలు ఉంది. (2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ గల గది ఏసీలకు మొదటి అమరిక 24 డిగ్రీలుగా ఉండాలన్న నిబంధన వచ్చింది. చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ మార్చరు.) నా థర్మామీటర్‌లో గది ఉష్ణోగ్రత 33 డిగ్రీలు. డిస్‌ప్లేలో ఏ ఎర్రర్ కోడూ లేదు. ఆవిడ మనవడు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాడు: “పగటిపూట బాగా ఎండగా ఉన్నప్పుడు కొంచెంసేపు నడిచి ఆగిపోతది. 16 పెడితే మాత్రం నడుస్తది.”

ఈ చివరి మాట దగ్గర ఆగండి. 16 పెడితే కంప్రెసర్ నడుస్తోందంటే కంప్రెసర్ చెడలేదు. దానికి కరెంటు అందించే రిలే చెడలేదు. ఆజ్ఞ ఇచ్చే బోర్డు కూడా పని చేస్తోంది. 24 పెట్టినప్పుడు నడవకపోవడానికి ఒకటే అర్థం: గది అప్పటికే 24 కంటె చల్లగా ఉందని యంత్రం నమ్ముతోంది. ఆ నమ్మకం దానికి ఎక్కడి నుంచి వచ్చింది?

సెన్సర్ ఏం చేస్తుంది?

ఏసీలో ఉష్ణోగ్రతను కొలిచేది థర్మిస్టర్. మాంగనీసు, నికెల్, కోబాల్టు వంటి లోహాల ఆక్సైడ్ల పొడిని అదిమి, కాల్చి తయారు చేస్తారు. ఉష్ణోగ్రత పెరిగితే దీని నిరోధం తగ్గుతుంది కనుక దీన్ని రుణ ఉష్ణోగ్రతా గుణకం గల థర్మిస్టర్ అంటాం. ఈ స్వభావాన్ని మొదట సిల్వర్ సల్ఫైడ్‌లో 1833లో మైకేల్ ఫారడే గమనించాడు. రాగి తీగ నిరోధం ఒక డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఏసీ థర్మిస్టర్ నిరోధం 25 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీకి 4 శాతానికి పైగా తగ్గుతుంది. మార్పు అంత పెద్దది కాబట్టే చవక బోర్డు కూడా దాన్ని సులభంగా కొలవగలుగుతుంది.

థర్మిస్టర్‌ను రెండు అంకెలతో గుర్తిస్తాం. ఒకటి 25 డిగ్రీల వద్ద దాని నిరోధం. రెండోది బీటా స్థిరాంకం. రెండు ఉష్ణోగ్రతల వద్ద నిరోధాల నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసుకుంటే, అది ఆ కెల్విన్ ఉష్ణోగ్రతల విలోమాల భేదాన్ని బీటాతో గుణించినదానికి సమానం. గది ఏసీలలో 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు ఉండే రకం ఎక్కువగా కనిపిస్తుంది. 5, 15, 20 కిలో ఓమ్‌ల రకాలూ ఉన్నాయి. 10 కిలో ఓమ్‌లు, బీటా 3950 అనుకుని మీరే లెక్క వేయండి. 0 డిగ్రీల వద్ద సుమారు 33.6, 10 వద్ద 20.2, 30 వద్ద 8.0, 33 వద్ద 7.1, 40 వద్ద 5.3 కిలో ఓమ్‌లు రావాలి. రాకపోతే కెల్విన్‌లోకి మార్చడం మరచిపోయి ఉంటారు.

బోర్డు నిరోధాన్ని నేరుగా కొలవదు. థర్మిస్టర్‌కు శ్రేణిలో ఒక స్థిర నిరోధం కలిపి, రెండింటికీ 5 వోల్టులు ఇచ్చి, మధ్య బిందువు వద్ద వోల్టేజిని చదువుతుంది. మీరు ప్రయోగశాలలో చేసిన పొటెన్షియల్ విభాజకమే ఇది. థర్మిస్టర్ పైన, 10 కిలో ఓమ్‌ల స్థిర నిరోధం కింద ఉన్నాయనుకోండి. 25 డిగ్రీల వద్ద మధ్య బిందువు 2.5 వోల్టులు. 35 డిగ్రీలకు థర్మిస్టర్ 6.5 కిలో ఓమ్‌లకు దిగుతుంది, వోల్టేజి 3.03కు పెరుగుతుంది. 10 డిగ్రీలకు 1.66 వోల్టులు. మైక్రోకంట్రోలర్ ఈ వోల్టేజిని అంకెగా మార్చి, తన జ్ఞాపకంలో ఉన్న పట్టికతో పోల్చి ఉష్ణోగ్రత అంటుంది. దానికి గది తెలియదు, వేసవి తెలియదు. ఆ ఒక్క వోల్టేజి మాత్రమే తెలుసు.

ఇప్పుడు తీగ తెగిపోతే ఏమవుతుందో ఊహించండి. మధ్య బిందువు 0 వోల్టులకు పడిపోతుంది. ధ్రువప్రాంతంలో కూడా ఉండనంత చలి అని అర్థం. తీగలు రెండూ ఒకదానికొకటి తగిలితే 5 వోల్టులు. గది నిప్పుల కొలిమి అని అర్థం. ఈ రెండూ అసంభవాలు కనుక బోర్డు గుర్తుపట్టి ఎర్రర్ కోడ్ చూపుతుంది. కోడ్ ఏమిటన్నది తయారీదారును బట్టి మారుతుంది, యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని పారేయకండి.

చిక్కంతా ఈ రెండు కొసల మధ్య ఉంది. సెన్సర్ పూర్తిగా చావకుండా కొంత అబద్ధం చెబితే, ఆ అబద్ధం సంభవమైన ఉష్ణోగ్రతల్లో పడితే, బోర్డు దాన్ని నమ్ముతుంది. కోడ్ రాదు. మా పక్కింట్లో జరిగింది ఇదే.

కొలిచే ముందు

ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ కిందికి దించండి. రిమోట్‌తో ఆపడం ఆపడం కాదు. ఇన్వర్టర్ ఏసీ బయటి యూనిట్ బోర్డు మీద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తు నిలిచి ఉంటుంది, కరెంటు తీసిన తరువాత కూడా కొన్ని నిమిషాలు ఉంటుంది. అందువల్ల బయటి యూనిట్‌ను మీరు తెరవవద్దు, అది శిక్షణ పొందినవారి పని. కొన్ని బోర్డులలో సెన్సర్ వలయాన్ని మెయిన్స్ నుంచి వేరు చేయరు. “అయిదు వోల్టులే కదా” అని కరెంటు ఉండగా సెన్సర్ తీగలు ముట్టుకున్నవారికి షాకు తగలవచ్చు. కాబట్టి ఈ పాఠంలో కొలతలన్నీ కరెంటు తీసి, పది నిమిషాలు ఆగి, సెన్సర్ ప్లగ్‌ను బోర్డు నుంచి ఊడదీసి చేసేవే. ప్లగ్ ఊడదీయకుండా కొలిస్తే బోర్డు మీది నిరోధాలు కూడా కలిసి లెక్క తప్పుతుంది. వారంటీ ఉన్న యంత్రాన్ని తెరిచే ముందు షరతులు చదవండి.

లోపలి యూనిట్‌లో సాధారణంగా రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి ఫిల్టర్ వెనుక, గది గాలి లోపలికి వచ్చే దారిలో ఉంటుంది. ఇది గది సెన్సర్, చివర నల్లటి లేదా గోధుమ రంగు గింజలా ఉంటుంది. రెండోది కాయిల్ సెన్సర్. రాగి తొడుగు ఉన్న చిన్న కడ్డీలా ఉంటుంది, చల్లబడే కాయిల్‌కు అతికించిన చిన్న గొట్టంలో దూర్చి ఉంటుంది.

మల్టీమీటర్‌ను 200 కిలో ఓమ్‌ల స్థాయిలో పెట్టి ముందు రెండు కడ్డీలు కలిపి సున్నా వస్తుందో చూడండి. కొలిచేటప్పుడు రెండు లోహపు మొనలను రెండు చేతులతో పట్టుకోకండి. మీ శరీరం కూడా ఒక నిరోధమే. అది 300 కిలో ఓమ్‌లు అనుకుంటే, 33.6 కిలో ఓమ్‌ల సెన్సర్‌కు సమాంతరంగా చేరి 30.2 చూపిస్తుంది. గింజను వేళ్లతో పట్టుకున్నా తప్పే, అప్పుడు మీరు కొలిచేది మీ వేళ్ల వేడిని.

పక్కింటి కొలతలు

ఏసీ అప్పటికి గంటకు పైగా ఆగి ఉంది. అంటే గది, కాయిల్, రెండు సెన్సర్లు అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి. ఇది చాలా ఉపయోగపడే స్థితి. ఆ నమూనాలో రెండు సెన్సర్లూ ఒకే రకం, 10 కిలో ఓమ్‌లు. అన్ని యంత్రాల్లో ఇలా ఉండదు, ముందు నిర్ధారించుకోవాలి. ఒకే రకమైతే ఒకదానికి మరొకటి సాక్షి.

కాయిల్ సెన్సర్ 7.1 కిలో ఓమ్‌లు చూపింది. లెక్క ప్రకారం 33 డిగ్రీలకు రావలసినదే. గది సెన్సర్ 11.2 చూపింది. బోర్డు పట్టికలో 11.2 కిలో ఓమ్‌లంటే సుమారు 22.5 డిగ్రీలు. 24 అడిగినవారికి 22.5 ఉన్న గదిని ఇంకా చల్లబరచనవసరం లేదు కదా! యంత్రం తన దృష్టిలో సరిగ్గానే ప్రవర్తిస్తోంది.

చాలామంది ఇక్కడే సెన్సర్ మార్చేస్తారు. ఒక్క అడుగు ముందుకు వేద్దాం. ఈ 4.1 కిలో ఓమ్‌ల అదనం ఎక్కడ ఉంది? థర్మిస్టర్ గింజలోనా, దాని దారిలోనా?

స్టీలు గ్లాసులో ఐసు నలగ్గొట్టి వేసి, కొద్దిగా నీళ్లు పోసి, బాగా కలిపితే అది 0 డిగ్రీల వద్ద నిలుస్తుంది. సెన్సర్ గింజను పలుచని ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో ముంచి, అంకె కదలడం ఆగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. గింజలోని పదార్థమే మారిపోయి ఉంటే నిరోధం అన్ని ఉష్ణోగ్రతల వద్ద దాదాపు ఒకే నిష్పత్తిలో పెరగాలి. 33 డిగ్రీల వద్ద అది 1.58 రెట్లు ఉంది కనుక ఐసులో 52 కిలో ఓమ్‌లు దాటాలి. అలా కాక దారిలో ఎక్కడో ఒక అదనపు నిరోధం చేరి ఉంటే, అది ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు. ఐసులో కూడా సుమారు నాలుగు కిలో ఓమ్‌లే ఎక్కువ చూపాలి.

కాయిల్ సెన్సర్ ఐసులో 33.4 చూపింది. గది సెన్సర్ 37.6 చూపింది. భేదం 4.2. గింజ నిర్దోషి.

ప్లగ్‌ను భూతద్దం కింద చూస్తే, తీగను పిన్‌కు నొక్కిపట్టిన చోట పచ్చటి చిలుము కనిపించింది. వేసవికి ముందు సర్వీసింగ్ చేసినప్పుడు నీటి జెట్‌తో కడిగారని, బోర్డు వైపు సరిగ్గా కప్పలేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆ తడే రాగిని తిన్నది. పాడైన ప్లగ్ కత్తిరించి కొత్తది పెట్టి కొలిస్తే 7.2 వచ్చింది. బిగించి 24 పెట్టాం. మూడు నిమిషాలకు (కంప్రెసర్ రక్షణ కోసం చాలా ఏసీలు ఆ మాత్రం ఆగుతాయి) బయటి యూనిట్ తిరిగింది. ఆ రాత్రి ఆవిడ పడుకోగలిగింది.

ఇప్పుడు లక్షణాలన్నిటినీ లెక్కతో సరిచూద్దాం. 24 అమరికకు బోర్డు 10.46 కిలో ఓమ్‌ల కంటె తక్కువ చూడాలి. దారిలోనే 4.1 ఉంది కనుక గింజ 6.3కు దిగాలి, అంటే గది నిజంగా 36 డిగ్రీలు చేరాలి. అందుకే మిట్టమధ్యాహ్నం కాసేపు నడిచి, గది కొంచెం తగ్గగానే ఆగిపోయేది. 16 పెడితే గది సుమారు 23 డిగ్రీల దాకా చల్లబడేది. మరో సంగతి గమనించారా? దోషం 33 డిగ్రీల వద్ద 10 డిగ్రీలకు పైగా తప్పు చూపితే, ఐసు వద్ద 2 డిగ్రీలే చూపుతుంది. గింజ నిరోధం తక్కువగా ఉన్నప్పుడు అదనపు నాలుగు పెద్ద వాటా అవుతుంది, ఎక్కువగా ఉన్నప్పుడు చిన్న వాటా. వేడి పెరిగిన కొద్దీ యంత్రం మరింత మోసపోతుంది. ఏసీ అవసరం ఎప్పుడు ఎక్కువో అప్పుడే ఈ దోషం విజృంభించడానికి కారణం ఇదే.

మరి గ్యాసు? కంప్రెసర్ ఆగి ఉండగా గేజి పెట్టి “ప్రెజర్ ఇంత ఉంది” అంటే గ్యాసు పరిమాణం తెలియదు. గొట్టాల్లో కొంతైనా ద్రవం ఉన్నంతవరకు, ఆగి ఉన్న వ్యవస్థలో పీడనం ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. సంతృప్త బాష్ప పీడనం పాఠం గుర్తు తెచ్చుకోండి. సగం సిలిండరుకూ నిండు సిలిండరుకూ ఒకే పీడనం ఉంటుంది. రెండుసార్లు పోసిన అదనపు గ్యాసును తరువాత తీయించాల్సి వచ్చింది. ఎక్కువైన గ్యాసు కూడా చల్లదనాన్ని తగ్గిస్తుంది, కంప్రెసర్‌ను శ్రమపెడుతుంది. ఆ మెకానిక్ మోసగాడని నేను అనను. ఎండలో రోజుకు ఎనిమిది ఇళ్లు తిరిగేవాడు, చేతిలో గేజి ఉంది, థర్మామీటర్ లేదు. ఏ పరికరం ఉంటే ఆ జబ్బే కనిపిస్తుంది. ఆరు వేలు మాత్రం తిరిగి రాలేదు.

ఇతర రూపాలు

దోషం రెండో దిశలో కూడా రావచ్చు. గింజ పూతలో పగులు వచ్చి తేమ చేరితే సమాంతరంగా ఒక దారి ఏర్పడి నిరోధం తగ్గుతుంది. గది వేడిగా ఉందని బోర్డు అనుకుంటుంది, కంప్రెసర్ ఆగదు. తెల్లవారుజామున దుప్పట్లు కప్పుకొంటారు, నెలాఖరున బిల్లు చూసి ఆశ్చర్యపోతారు. దీనిమీద ఫిర్యాదు చేసేవారు తక్కువ, “మా ఏసీ బాగా చల్లగా చేస్తుంది” అని మెచ్చుకునేవారే ఎక్కువ.

కాయిల్ సెన్సర్ విషయంలో తొందరపడకూడదు. కాయిల్ మీద మంచు కట్టకుండా, అది సున్నా దరిదాపులకు వస్తే కంప్రెసర్‌ను ఆపించడం దాని పని. అది తరచు ఆపుతోందంటే అబద్ధం చెబుతోందని కాదు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, గ్యాసు నిజంగా తగ్గినా కాయిల్ నిజంగానే గడ్డకడుతుంది. దూతను వధించరాదని లంకలో విభీషణుడు చెప్పిన మాట ఇక్కడ వర్తిస్తుంది. ముందు ఫిల్టర్ కడగండి, కాయిల్‌ను టార్చి వేసి చూడండి, ఆ తరువాత సెన్సర్‌ను కొలవండి. సర్వీసింగ్ తరువాత ఈ సెన్సర్‌ను గొట్టంలో తిరిగి దూర్చడం మరచిపోయే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు అది గాలిలో వేలాడుతూ కాయిల్ చల్లబడలేదని చెబుతుంది, నిరోధం కొలిస్తే మాత్రం సరిగ్గా ఉంటుంది. కళ్లతో చూస్తే తప్ప దొరకదు.

కొన్ని రిమోట్లలో కూడా సెన్సర్ ఉంటుంది. ఆ సౌకర్యం నొక్కి ఉంటే యంత్రం రిమోట్ ఉన్న చోటి ఉష్ణోగ్రతను నమ్ముతుంది. రిమోట్ టీవీ వెనుక ఉందా, కిటికీ ఎండలో ఉందా అని మొదట చూడండి. బయటి యూనిట్‌లో కంప్రెసర్ వేడి గొట్టం మీద ఉండే సెన్సర్ సంగతి వేరు. 10 కిలో ఓమ్‌ల రకం 90 డిగ్రీల వద్ద ఒక కిలో ఓమ్ కంటె తక్కువకు పడిపోతుంది, కొలత సూక్ష్మత పోతుంది. అందువల్ల చాలా యంత్రాల్లో అక్కడ ఎక్కువ విలువ గల థర్మిస్టర్ వాడతారు.

సెన్సర్ నిజంగానే మార్చవలసి వస్తే, “టెన్ కే ఇవ్వండి” అని దుకాణంలో అడిగి తెచ్చుకుంటే సరిపోదు. బీటా 3950 కావలసిన చోట 3435 పెడితే 25 డిగ్రీల వద్ద తేడా ఏమీ కనిపించదు. ఐసులో మాత్రం 33.6 బదులు 28.7 చూపుతుంది, దాన్ని బోర్డు 3 డిగ్రీలుగా చదువుతుంది. కాయిల్ గడ్డకడుతున్నా ఇంకా వెచ్చగానే ఉందనుకుంటుంది. 10 కిలో ఓమ్‌ల స్థానంలో 5 కిలో ఓమ్‌లది పెడితే 25 డిగ్రీల గది 41 దాటినట్లు కనిపిస్తుంది. పాత సెన్సర్‌ను రెండు ఉష్ణోగ్రతల వద్ద కొలిచిన అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. వీలైతే ఆ నమూనాకు తయారీదారు ఇచ్చే సెన్సర్‌నే కొనండి.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి

1. ఒక ఇంట్లో గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. 10 కిలో ఓమ్‌లు, బీటా 3950 గల గది సెన్సర్ 12.1 కిలో ఓమ్‌లు చూపింది. ఐసులో ముంచితే 50.4 చూపింది. దోషం గింజలో ఉందా, ప్లగ్‌లో ఉందా? లెక్కతో చూపండి.

2. పై సెన్సర్‌తోనే ఏసీ నడుస్తూ, రిమోట్‌లో 26 ఉంటే, కంప్రెసర్ మొదలవడానికి గది నిజంగా ఎంత వేడెక్కాలి?

3. మీ ఇంట్లోగాని, తెలిసినవారి ఇంట్లోగాని ఏసీ రెండు గంటలు ఆగి ఉన్న తరువాత, కరెంటు తీసి, రెండు సెన్సర్ల నిరోధాన్ని కొలవండి. గది ఉష్ణోగ్రతతో పాటు తేదీ వేసి, ఏసీ పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచండి. యంత్రం బాగున్నప్పుడు తీసుకున్న ఈ అంకెలే, అది చెడిన రోజున మీకు కావలసిన మొదటి సాక్ష్యం.